పిప్పరమెంటు: చుక్కల్లో కొలవాల్సిన చల్లదనం

తెలుగు ఇళ్లలో పిప్పరమెంటు అనగానే ముందు గుర్తొచ్చేది బిళ్ళ. అందులో నారింజ రుచి ఉన్నా, నిమ్మ రుచి ఉన్నా, అసలు ఏ రుచీ లేక ఉత్త చక్కెరే అయినా, కిరాణా కొట్టు గాజు సీసాలో ఉన్న ప్రతి బిళ్ళనూ ఒక తరం మొత్తం పిప్పరమెంటనే పిలిచింది. ఆ పేరు ఒక మొక్కదన్న సంగతి చాలామందికి ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు అదే పేరుతో కేకుల్లో వేసే ఎసెన్స్ దొరుకుతోంది, డ్రాపర్ ఉన్న చిన్న సీసాలో నూనె దొరుకుతోంది, మూలికల కొట్లో పుదీనా పువ్వు అనే తెల్లటి పలుకులు దొరుకుతాయి. తలనొప్పికి ఒక చుక్క, కడుపునొప్పికి ఒక చుక్క, ఎలుకలు రాకుండా మూలల్లో నాలుగు చుక్కలు అని ఫోన్లలో తిరిగే చిట్కాలకైతే లెక్కే లేదు. ఆ చుక్క దేనిదో మాత్రం ఏ చిట్కాలోనూ ఉండదు. ప్రమాదమంతా ఆ దాటేసిన మాటలోనే ఉంది.

ఆకు, ఎసెన్స్, నూనె, పువ్వు. ఈ నాలుగూ ఒకే వాసన వేస్తాయి గానీ బలంలో ఒకదానికొకటి పొంతన లేదు. పచ్చి ఆకులో నూనె ఒక శాతం కూడా ఉండదు. ఎసెన్స్ అంటే కొద్దిపాటి నూనెను ఆల్కహాల్‌లోనో, మరో ద్రావకంలోనో కరిగించింది. అమెరికా, యూరప్ వంటిళ్లలో ఎక్‌స్ట్రాక్ట్ అనేది ఇదే, దాని సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే. నూనె అంటే ఆకును ఆవిరి పట్టి దింపిన అసలు సారం. చల్లదనం కలిగించే మెంథాల్ అనే పదార్థం పిప్పరమెంటు నూనెలో మామూలుగా 35 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. ఇక పుదీనా పువ్వు అంటే దాదాపు పూర్తిగా మెంథాలే. పేరులో పువ్వు ఉందని చూసి పూరేకులనుకోకూడదు. నూనెను బాగా చల్లబరిస్తే గడ్డకట్టి సూదుల్లాగా పేరుకునే పలుకులవి. ఎసెన్స్ కోసం రాసిన కొలతను నూనెకు వాడినా, నూనె కోసం రాసిన కొలతను పువ్వుకు వాడినా మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది.

మన వంటింటి పుదీనాకూ దీనికీ ఉన్న తేడా కూడా చెప్పుకోవాలి. పచ్చడికీ బిర్యానీకీ వాడే పుదీనా చాలావరకు స్పియర్‌మింట్ అనే జాతి. దాని పరిమళానికి మూలం కార్వోన్ అనే వేరే పదార్థం, మెంథాల్ అందులో నామమాత్రం. పుదీనా పచ్చడి ఎంత తిన్నా నోట్లో ఆ చల్లటి గాలి వీచినట్టు అనిపించకపోవడానికి కారణం అదే. ఇంకో విచిత్రం, సోయికూర గింజల్లో ఉండేది కూడా కార్వోనే. అణువు అదే, కాకపోతే అద్దంలో బొమ్మలాగా కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. ఆ చిన్న మార్పుకే ముక్కు దాన్ని వేరే వాసనగా గుర్తుపడుతుంది. కాబట్టి ఇంట్లో పెరిగిన పుదీనాను ఎంత నానబెట్టినా పిప్పరమెంటు ఎసెన్స్ రాదు, పుదీనా ఎసెన్సే వస్తుంది. అదీ మంచిదే, నిమ్మరసంలోకీ మజ్జిగలోకీ చక్కగా ఉంటుంది. కానీ అది వేరే రుచి.

అసలు పిప్పరమెంటు మొక్క స్పియర్‌మింట్, నీటి పుదీనా కలిసి పుట్టిన సంకరజాతి. మొలకెత్తే విత్తనాలు కట్టదు, నేల మీద పాకే తీగల నుంచే పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో మిచమ్ ఒకప్పుడు ఈ పంటకు పేరుపడిన ఊరు. తర్వాత అమెరికాలో మిషిగన్, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలకు సాగు విస్తరించింది. మన దేశంలో మాత్రం మెంథాల్ కథ వేరే మొక్కతో నడిచింది. 1950లలో జపాన్ నుంచి తెచ్చిన మెంథా ఆర్వెన్సిస్ అనే పుదీనా ఉత్తరప్రదేశ్ నేలల్లో స్థిరపడింది. దాని నూనెలో 70 నుంచి 80 శాతం దాకా మెంథాలే. ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే లక్నోలోని సీమ్యాప్ సంస్థ కోసి, కుశల్, సిమ్ క్రాంతి లాంటి రకాలను రైతులకు అందించింది. ఈరోజు ప్రపంచానికి సహజ మెంథాల్‌లో అత్యధిక భాగం భారతదేశం నుంచే, అందులోనూ బారాబంకీ చుట్టుపక్కల జిల్లాల నుంచే వెళుతోంది. టూత్‌పేస్టులోనూ దగ్గు బిళ్ళలోనూ తగిలే చల్లదనం వెనక ఎక్కువగా ఉన్నది ఆ రైతులే.

వాళ్ల కష్టం సంగతి ఇటువైపు పెద్దగా తెలియదు. ఆలుగడ్డలో గోధుమో తీశాక, వానాకాలం వరి నాటే లోపు దొరికే ఎండాకాలపు సందులో వేసే పంట ఇది. నడివేసవిలో మళ్లీ మళ్లీ తడి పెట్టాలి, అంటే భూగర్భ జలమే దిక్కు. కోసిన ఆకును ఊళ్లోనే ఇనుప టాంకీల్లో వేసి, కింద మంట పెట్టి, ఆవిరితో నూనె దింపుతారు. క్వింటాలు ఆకు వేస్తే కిలో నూనె కూడా రాదు. ఇంతా చేసి ధర మాత్రం రైతు చేతిలో ఉండదు. జపాన్‌లో టకసాగో అనే కంపెనీ 1980లలోనే రసాయనశాల పద్ధతిలో మెంథాల్ తయారీ మొదలుపెట్టింది. ఆ పద్ధతికి మూలమైన పరిశోధనకు రియోజి నొయోరి అనే రసాయన శాస్త్రవేత్తకు 2001లో నోబెల్ వచ్చింది. అణువు స్థాయిలో రెండు మెంథాళ్లకూ తేడా లేదు. అందుకే పొలంలో పండిన మెంథాల్ ఫ్యాక్టరీలో తయారైనదానితో ధరలో పోటీ పడాల్సి వస్తోంది.

ఇంతకూ ఈ మెంథాల్ చేసే పని ఏమిటి? చల్లబరచడం అనుకుంటారు గానీ అది చల్లబరచదు. మన చర్మంలో, నోట్లో, ముక్కులో చలిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. వాటి మీద టీఆర్‌పీఎమ్8 అనే చిన్న ద్వారం ఉంటుంది. సుమారు 26 డిగ్రీలకు దిగువ చలి తగిలితే అది తెరుచుకుని, మెదడుకు చలి అని కబురు పంపుతుంది. మెంథాల్ ఆ ద్వారాన్ని చలి లేకుండానే తెరిపిస్తుంది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే శాస్త్రవేత్తలు 2002లో విడివిడిగా దీన్ని పట్టుకున్నారు. వేడి, చలి, స్పర్శల మీద చేసిన పరిశోధనకు 2021లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. జూలియస్ అంతకుముందే మిరపకారం నోట్లో ఎందుకు మండుతుందో కనిపెట్టాడు. గుంటూరు మిరపకాయ నోట్లో నిప్పు పెట్టదు, నిప్పు ఉందని నరానికి చెబుతుంది. పిప్పరమెంటు మంచు ఉందని చెబుతుంది. బిళ్ళ చప్పరించి నీళ్లు తాగితే ఆ నీళ్లు రెట్టింపు చల్లగా అనిపించడం కూడా ఇందుకే. సగం తెరిచిన తలుపును కాస్త తోస్తే చాలు కదా.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పిప్పరమెంటు వాడకాల్లో ఏది పనిచేస్తుందో, ఏది పనిచేసినట్టు అనిపిస్తుందో చాలావరకు తేలిపోతుంది. ముక్కుతోనే మొదలుపెడితే, పడిశం పట్టినప్పుడు బామ్ వాసన చూడగానే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. ముక్కులోంచి గాలి ఎంత పోతోందో పరికరాలతో కొలిచిన ప్రయోగాల్లో మాత్రం మెంథాల్ వల్ల దారి వెడల్పైనట్టు తేలలేదు. లోపలికి పోయే గాలి చల్లగా తగులుతుంది కాబట్టి ఎక్కువ గాలి పోతోందని మెదడు అనుకుంటుంది. ఇది మోసమని కొట్టిపారేయక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టనివ్వని ఇబ్బంది తగ్గితే అదీ ఉపశమనమే. పెద్దవాళ్లు ఛాతీ మీద కాస్త రాసుకుని పడుకుంటే తప్పేమీ లేదు.

తప్పు మరిగే నీళ్ల దగ్గర జరుగుతుంది. గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చెంచాడు బామో నూనో వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం తెలుగు ఇళ్లలో అలవాటు. వేడికి మెంథాల్ ఒక్కసారిగా ఆవిరై కళ్లను మండిస్తుంది. ఉలిక్కిపడి కదిలితే మరిగే నీళ్లు ఒళ్లో పడతాయి. పిల్లలకు ఇలా ఒళ్లు కాలడం అరుదైన సంగతి కాదు. పట్టాలనుకుంటే ఉత్త ఆవిరి చాలు, అదీ పెద్దవాళ్లకు మాత్రమే, గిన్నె బల్ల మీద కదలకుండా పెట్టుకుని.

పసిపిల్లల విషయంలో అయితే గట్టిగానే చెప్పాలి. రెండేళ్ల లోపు పిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద, ఛాతీ మీద మెంథాల్ గానీ పిప్పరమెంటు నూనె గానీ రాయకూడదు. ఆ ఘాటుకు గొంతులోని కండరాలు బిగుసుకుని క్షణాల పాటు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. యూరప్ ఔషధ నియమాల్లో ఈ వయసు పిల్లలకు దీన్ని స్పష్టంగా వద్దన్నారు. కర్పూరం కలిసిన మందులైతే ఇంకా ప్రమాదం. చిన్నపిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. "అమ్మమ్మ రాసేది, ఏమీ కాలేదు" అనే మాట ఇక్కడ ఆధారం కాదు.

కడుపు విషయంలో కథ మారుతుంది. ఇక్కడ పిప్పరమెంటు చేసే పని ఉత్త అనుభూతి కాదు. పేగు గోడల్లోని నునుపు కండరం బిగుసుకోవాలంటే కాల్షియం లోపలికి వెళ్లాలి, మెంథాల్ ఆ దారిని అడ్డుకుంటుంది. కండరం సడలుతుంది, మెలిపెట్టే నొప్పి తగ్గుతుంది. ఐబీఎస్ అనే దీర్ఘకాలపు పేగు సమస్య ఉన్నవాళ్లకు పిప్పరమెంటు నూనెను క్యాప్సూల్ రూపంలో ఇవ్వవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో సూచించింది. ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అందులోనే చెప్పింది. ఒక్కో క్యాప్సూల్‌లో ఉండేది సుమారు 0.2 మిల్లీలీటర్ల నూనె. దాని మీద ఉండే పూత కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాకే కరుగుతుంది.

అసలు కిటుకంతా ఆ పూతలోనే. అన్నవాహికకూ కడుపుకూ మధ్య ఒక కండరపు వలయం తలుపులాగా ఉంటుంది. అదీ నునుపు కండరమే కాబట్టి పిప్పరమెంటు తగిలితే అదీ సడలుతుంది. అప్పుడు కడుపులో ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీలో మంట పుడుతుంది. గ్యాస్ అని, అజీర్తి అని అందరూ ఒకే పేరు పెట్టే బాధల్లో ఇలా రెండు విరుద్ధమైనవి కలిసి ఉన్నాయి. పేగులు మెలిపెట్టే నొప్పికి పిప్పరమెంటు మేలు చేయవచ్చు, ఛాతీమంటను మాత్రం పెంచుతుంది. భోజనం తర్వాత పిప్పరమెంటు బిళ్ళ వేసుకున్న ప్రతిసారీ పుల్లటి త్రేన్పులు వస్తున్నాయంటే అనుమానించాల్సింది ఆ బిళ్ళనే. యాంటాసిడ్ మాత్రతో కలిపి ఈ క్యాప్సూల్ వేసుకుంటే పూత ముందే కరిగిపోతుంది, రెంటికీ మధ్య వ్యవధి ఉండాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా నూనె లోపలికి తీసుకోకూడదు. ఇక సీసాలోని నూనెను నేరుగా నాలుక మీద వేసుకోమనే చిట్కాలకు ఏ సమర్థనా లేదు. ఆ చుక్క నోటినీ గొంతునూ మండించి, పూత ఇచ్చే రక్షణ ఏదీ లేకుండా కడుపులోకి పోతుంది.

తలనొప్పికి రాసుకోవడంలో మాత్రం పాత అలవాటుకూ ప్రయోగానికీ పొత్తు కుదిరింది. 1996లో జర్మనీలో వెలువడిన ఒక పరిశోధనలో, ఆల్కహాల్‌లో 10 శాతం పిప్పరమెంటు నూనె కలిపిన ద్రావణాన్ని నుదుటికీ కణతలకూ రాశారు. టెన్షన్ వల్ల తల చుట్టూ పట్టీ బిగించినట్టు వచ్చే నొప్పికి అది 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో దాదాపు సమానంగా పనిచేసింది. రోగులు కొద్దిమందే, అయినా ఫలితం తీసిపారేయదగ్గది కాదు. చిక్కు ఏమిటంటే ఆ 10 శాతం కొలత మందుల కంపెనీ పని. ఇంట్లో రాసుకునేటప్పుడు అంత ఘాటు అక్కర్లేదు. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో పన్నెండు చుక్కల నూనె కలిపితే సుమారు 2 శాతం అవుతుంది, ముందు ముంజేతి మీద రాసి చూసుకుని తర్వాత వాడుకోవచ్చు. కళ్లకు దూరంగా రాయాలి, రాసిన చేతులు కడుక్కోవాలి.

ఈ దారిలో తెలుగువాళ్ల చరిత్ర కూడా ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం లాంటివి కలిపిన ఆ పసుపుపచ్చ లేపనం మీద వచ్చిన ఆదాయమే 1908లో మొదలైన ఆంధ్రపత్రికను నిలబెట్టింది. నుదుటికి రాసుకునే మందు తెలుగు పత్రికా రచనకు పెట్టుబడి అయింది. హైదరాబాద్‌లో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్‌కూ మూలం దాదాపు ఇలాంటి దినుసులే, నీలగిరి తైలం వంతు అందులో ఎక్కువ.

ఇళ్లలో చేసుకునే అమృతధారది ఇంకా ఆసక్తికరమైన సంగతి. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం మూడూ గట్టి పలుకులే. మూడింటినీ ఒక సీసాలో వేసి మూత పెట్టి కదిపితే, నీటి చుక్క కలపకుండానే, కాసేపటికి అన్నీ నూనెలాగా కరిగిపోతాయి. మాయలాగా కనిపించే ఈ పనికి కారణం సులువే. విడిగా మెంథాల్ కరగడానికి 42 డిగ్రీల చుట్టూ వేడి కావాలి, వాము పువ్వుకు 50 దాకా కావాలి, కర్పూరానికి 175 దాటాలి. కలిసినప్పుడు ఒకదాని అణువుల అమరికను మరొకటి చెదరగొడుతుంది, కరిగే ఉష్ణోగ్రత గది వేడి కంటే కిందికి దిగిపోతుంది. చూడ్డానికి అందమైన ప్రయోగం, కానీ సీసాలో తయారైంది చాలా గాఢమైన మందు. హారతి కర్పూరం తినడానికి తయారైంది కాదు, దానితో చేసిన అమృతధారను నోట్లో వేసుకోకూడదు. పైపూతకైనా కొబ్బరినూనెలో పలచగా కలిపే వాడాలి.

వేసవి మాట ఎత్తకుండా ఈ విషయం ముగియదు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో తలకు చల్లటి నూనె, ఒంటికి చల్లటి పౌడరు ప్రతి ఇంట్లో ఉంటాయి. వాటిలో పనిచేసేది మెంథాలూ కర్పూరమే. చెమటకాయల దురదకు ఆ పౌడరు కొంత హాయినిస్తుంది. అయితే ఒంటి వేడి మాత్రం దిగదు, దిగినట్టు నరాలు చెబుతాయంతే. ఎండలో పనిచేసే మనిషికి ఈ తేడా చాలా ముఖ్యం. తల చల్లగానే ఉందనుకుని నీడకు రాకపోతే, నీళ్లు తాగకపోతే, వడదెబ్బ తన దారిన తాను వస్తుంది. వడదెబ్బ తగిలిన మనిషికి కావాల్సింది నీడ, ఒళ్లంతా తడిపే నీళ్లు, గాలి, వెంటనే ఆస్పత్రి. నుదుటికి పిప్పరమెంటు నూనె రాస్తూ గడిపే ప్రతి నిమిషమూ నష్టమే.

వంటింట్లో ఎసెన్స్ వరకైతే ఈ భయాలు తక్కువ, కొలత కాస్త తప్పితే రుచి పాడవుతుందంతే. అయితే రెండు మూడు సంగతులు తెలిస్తే పదార్థం వృథా కాదు. పిప్పరమెంటు వాసన వేడికి నిలవదు. పాకంలో వేయాలంటే పొయ్యి దించాక, పాకం కాస్త చల్లారాక వేయాలి. మరిగేటప్పుడు వేస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, బిళ్ళలో మాత్రం ఏమీ మిగలదు. కరిగించిన చాక్లెట్‌లో ఎసెన్స్ పోస్తే అందులోని తడికి చాక్లెట్ బిరుసెక్కి ముద్దకట్టే అవకాశం ఉంది, అక్కడ తినడానికి పనికొచ్చే నూనే ఒకటి రెండు చుక్కలు వాడాలి. కేకు పిండికి, ఐస్‌క్రీముకు ఎసెన్స్ మేలు, పావు చెంచాతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పెంచుకోవచ్చు. ఎక్కువైతే టూత్‌పేస్టు తిన్నట్టు ఉంటుంది, దాన్ని సరిచేసే ఉపాయం లేదు. పచారీ కొట్లలో చవకగా దొరికే ఎసెన్స్ సీసాల్లో చాలావాటిలో మొక్క సారమే ఉండదు, కృత్రిమ పరిమళమే ఉంటుంది. రుచికి అది సరిపోతుంది, కడుపునొప్పికి పనికొస్తుందని మాత్రం అనుకోకూడదు.

టూత్‌పేస్టులో చల్లదనం పళ్లు శుభ్రపడ్డాయన్న గుర్తు కాదు. శుభ్రం చేసేది బ్రష్ రాపిడి, పళ్లను కాపాడేది ఫ్లోరైడ్. మెంథాల్ ఆ పనిని ఇష్టంగా చేయిస్తుంది, పిల్లల చేత పళ్లు తోమించే తల్లులకు ఆ సాయం చిన్నదేమీ కాదు.

ఇక చీమలు, దోమలు, ఎలుకలు. ఘాటైన వాసనకు కాసేపు దూరంగా పోతాయి, వాసన ఆవిరైపోగానే తిరిగి వస్తాయి. డెంగీ కాలంలో పిప్పరమెంటు నూనెను నమ్ముకుని దోమతెర తీసేయడం మంచిది కాదు. పిల్లులున్న ఇంట్లో నూనె చల్లడం అసలే వద్దు, వాటి కాలేయం ఇలాంటి తైలాలను విరగ్గొట్టలేదు.

ఈ నూనె సీసాల ఆకారం గురించి ఒక మాట. డ్రాపర్ మూత ఉన్న ఈ చిన్న గోధుమరంగు గాజు సీసాలు, పసిపిల్లలకు చుక్కలుగా వేసే మందుల సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రాత్రిపూట నిద్రకళ్లతో అందుకునే చెయ్యి పొరపడడానికి అది చాలు. పిల్లల మందులున్న అరలో కాకుండా వేరేచోట, అందనంత ఎత్తులో, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి పెట్టాలి. పొరపాటున పిల్లలు మింగితే వాంతి చేయించే ప్రయత్నం వద్దు, ఆ సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. లోపల ఉన్నది ఎసెన్సా, నూనా, పువ్వా అన్నది డాక్టర్‌కు వెంటనే తెలిసేది ఆ లేబుల్ చూసే.